పది గంటల పరీక్ష

మాణిక్ సంతకం చేసిన కాగితంలో నాలుగు వాక్యాలు ఉన్నాయి. మూడోది ఇది: "ఈ యంత్రం కాలాన్ని బట్టి మారదు; ఏ వేళ పరీక్షించినా ఒకే ఫలితం ఇస్తుంది." కింద తేదీ 1983 ఫిబ్రవరి 5. ఆ కాగితంతో పద్నాలుగు మందికి పని పోయింది. వాళ్లలో మాణిక్ అక్క సుగుణమ్మ భర్త బస్వరాజ్ ఒకడు.

పరీక్ష చేయమని మాణిక్‌ను పిలిపించింది కూడా బస్వరాజే.

జహీరాబాద్ నుంచి చిరాగ్‌పల్లి వైపు పోయే హైవే పక్కన ఆ కార్ఖానా ఉంది. కాల్చిన ఇనుమును దిమ్మె మీద పెట్టి పెద్ద సుత్తి కింద కొట్టి ట్రాక్టరు సామాన్లు చేస్తారు. సుత్తి కింద ఇనుము పక్కకు జారితే మేస్త్రి "ఛోడ్" అని అరుస్తాడు. పటకారు పట్టినవాడు అది విని చేయి వెనక్కి తీసుకోవాలి. 1981లో ఒకడికి వినపడలేదు. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆ తర్వాత కార్ఖానావాళ్లు చెవులు పరీక్షించే యంత్రం కొన్నారు.

యంత్రం పని ఇది. కార్మికుడు అద్దాల గదిలో అటు తిరిగి కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడు. బయట కాంపౌండరు బొత్తాం తిప్పి మీట నొక్కుతాడు. చెవిలో కూత వినపడితే కార్మికుడు వేలు ఎత్తాలి. బొత్తాం చుట్టూ అంకెలుంటాయి. అంకె తగ్గేకొద్దీ కూత సన్నబడుతుంది. ఎంత తక్కువ అంకె దాకా వినగలిగితే అంత మంచి చెవి. నలభై దాకా వింటే సుత్తి దగ్గర ఉండవచ్చు. వినకపోతే ఆ కార్ఖానాలో వేరే పని లేదు.

సుత్తులు నడుస్తుంటే పరీక్ష కుదరదు. అందుకని మొదటి షిఫ్టు దిగి రెండో షిఫ్టు ఎక్కే సందులో, మధ్యాహ్నం రెండున్నర తర్వాత, రోజుకు కొంతమందిని కూర్చోబెట్టారు. మొత్తం అరవై రెండు మంది. పద్నాలుగు మంది నలభైకి వేలు ఎత్తలేదు. బస్వరాజ్‌కు నలభై ఐదు వచ్చింది.

"అవుతల ఇంట్ల పిల్లి పాలు తాగితె నాకు వినపడ్తది. నాకు చెవుడా?" అన్నాడు బస్వరాజ్. "మిషినే ఖరాబుంది. మా బామ్మర్దికి చూపెట్టుండ్రి. టెలిఫోన్‌ల చేస్తడు. ఆయన సరే అంటె నేను నోరు మూసుకుంట."

కార్ఖానాలో మనుషుల వ్యవహారాలు చూసే జగన్‌మోహన్ ఒప్పుకున్నాడు. తక్కిన పదముగ్గురూ ఒప్పుకున్నారు. మన మనిషి చూస్తాడు కదా అనుకున్నారు.

మాణిక్‌కు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. జహీరాబాద్ టెలిఫోన్ ఎక్స్చేంజిలో టెక్నీషియన్. పోస్టు ద్వారా ఇంజనీరింగు పరీక్షకు చదువుతున్నాడు. ఆ పుస్తకంలో ఒక అధ్యాయం అంతా ఈ విషయమే. ఒక యంత్రంలోకి సంకేతం పంపి, బయటికి వచ్చినదాన్ని గీసుకో. అదే సంకేతాన్ని కొంత ఆలస్యం చేసి పంపు. వచ్చినదాన్ని మళ్లీ గీసుకో. మొదటి గీతను అంతే ఆలస్యానికి జరిపి రెండో గీత మీద పెట్టు. రెండూ కలిస్తే ఆ యంత్రం కాలంతో మారనిది. కలవకపోతే మారేది. ఈ పద్ధతిలో మాణిక్ లెక్కలు చాలా చేశాడు. నిజం యంత్రం మీద చేయడం అదే మొదలు.

ఝరాసంగం నుంచి అతని బస్సు తొమ్మిదింబావుకు జహీరాబాద్ చేరేది. సైకిలు మీద కార్ఖానాకు పోతే పది. పన్నెండు గంటలకు ఎక్స్చేంజిలో డ్యూటీ ఎక్కాలి. కాబట్టి పదింటికే పరీక్ష. మేస్త్రిని అడిగి ఆ అరగంట సుత్తులు ఆపించాడు. హెడ్‌ఫోన్ తీగల మీద మీటరు పెట్టి, ఒక్కో అంకెకు వచ్చే కొలత రాసుకుని, పలచటి కాగితం మీద గీత గీశాడు. సోమవారం మొదలుపెట్టి శనివారం దాకా ఆరు రోజులు చేశాడు. ఆరు కాగితాలను ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. ఆరు గీతలూ ఒకటే గీతలా కనపడ్డాయి.

జగన్‌మోహన్ కూడా చూశాడు. "ఇంత శ్రద్ధగా కంపెనీవాడు కూడా చేయడండీ" అన్నాడు.

మాణిక్ కాగితం రాసి ఇచ్చాడు.

గేటు బయట బస్వరాజ్ నిలబడి ఉన్నాడు. విషయం విన్నాడు. తర్వాత "నువ్వు రాసినవంటె నిజమే ఉంటది. నా చెవే చెడిందేమొ" అన్నాడు. ఆ వాక్యం మామూలు కంటే గట్టిగా అన్నాడు. చెవుడు ఉన్నవాళ్లు అలాగే మాట్లాడతారని బస్వరాజ్‌కు తెలుసు.

తరువాతి నెలలో బస్వరాజ్ చిరాగ్‌పల్లి దాటాక హైవే పక్కన ఉన్న కంకర మిషన్ దగ్గర పనికి కుదిరాడు. అక్కడ చెవుల పరీక్ష లేదు. మిషన్ నోట్లో రాళ్లు వేసే చోట నిలబడేవాడు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా.

*

1984 డిసెంబరులో ఒక ఆదివారం మాణిక్ ఖాజా దుకాణానికి వెళ్లాడు. ఖాజా రేడియోలు బాగుచేస్తాడు. మాణిక్ తన రేడియోను అతనికి ఇచ్చి వారం అయింది. ఎప్పుడూ పొద్దున వచ్చేవాడు. ఆ రోజు సెలవు కాబట్టి మూడింటికి వచ్చాడు.

"అయ్యిందా ఖాజా భాయ్?"

"అయ్యింది. గని ఇప్పుడియ్య. రేపు పొద్దుగాల రా."

"అయినంక ఎందుకియ్యవ్?"

"ఇప్పుడు పెట్టి చూపిస్తె జరమొచ్చినోని లెక్క మూలుగుతది. నువ్వు బజారంత తిరిగి ఖాజాకు పని రాదంటవ్. పొద్దుగాల పెడ్తె షేర్ లెక్క అరుస్తది. పదేండ్ల సంది ఈ దుకాణంల పగటీలి, పన్నెండు దాటినంక, ఎవ్వనికి రేడియో ఇయ్యలే."

"పగటీలి ఏమైతది?"

ఖాజా అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు కరెంటు చదువు చదువుతున్నవా, ఖురాన్ చదువుతున్నవా? పన్నెండున్నరకు పొలాలకు కరెంటు ఇడుస్తరు. చెరుకోళ్లవి, అల్లపోళ్లవి మోటర్లన్ని ఒక్కపారే లేస్తయి. స్టార్టరు గుండీకి పుల్ల చెక్కి పెడ్తరు గద, మనిషి లేకున్నా దానంతట అది నడవాలని. బజార్ల బల్బు చూడు."

మాణిక్ బల్బు చూశాడు. లోపలి తీగ ఎర్రగా కనపడుతున్నది.

"నీ బాయికాడ చెక్కవా పుల్ల?" అన్నాడు ఖాజా.

"చెక్కుత" అన్నాడు మాణిక్.

రోజూ బస్సు ఎక్కే ముందు బావి దగ్గరికి పోయి, వేపపుల్లను స్టార్టరులో ఇరికించి రావడం అతని పనే. మధ్యాహ్నం కరెంటు వచ్చి మోటారు లేచే వేళకు అతను ఎక్స్చేంజిలో ఉండేవాడు. ఎక్స్చేంజి బ్యాటరీల మీద నడిచేది. అక్కడి మీటర్ల ముల్లు పొద్దున ఎక్కడ ఉందో సాయంత్రం అక్కడే ఉండేది. ఫ్యాను మెల్లగా తిరిగేది. ఫ్యాను సంగతి ఎవరూ రిజిస్టరులో రాయరు.

మాణిక్ ఖాజా మీటరును అడిగి తీసుకుని గోడ ప్లగ్గులో పెట్టాడు. నూట యాభై రెండు చూపింది. రెండు వందల ముప్పై ఉండాలి.

మాణిక్ స్టూలు మీద కూర్చున్నాడు. యంత్రం సంగతీ కాగితం సంగతీ ఖాజాకు చెప్పాడు.

"ఎన్ని గంటలకు చూసినవ్ ఆ మిషిన్ని?"

"పదింటికి. ఆరు దినాలు."

"ఆరు దినాలు పదింటికేనా?" ఖాజా నవ్వాడు. "మియా, ఒకని దుకాణం రోజు పదింటికి పోయి చూసి, ఈయన అసలు తాళమే వెయ్యడని రాసిచ్చినట్లున్నది నీ కథ." తర్వాత మాణిక్ ముఖం చూసి నవ్వు ఆపాడు. "జర చాయ్ తాగు" అన్నాడు.

ఇంటికి పోయి మాణిక్ పుస్తకం తీశాడు. సంకేతాన్ని ఎంత ఆలస్యం చేసినా గీతలు కలవాలి అని అందులో ఉంది. అతను చేసిన ఆలస్యం ఒక్కటే, ఇరవై నాలుగు గంటలు. కరెంటు కూడా ఇరవై నాలుగు గంటలకు ఒకసారి పడి, లేచేది. ఆరు రోజులు కాదు, ఆరు నెలలు పదింటికి పోయినా ఆ గీతలు కలిసేవే. ఐదు గంటలు ఆలస్యం చేసి ఒక్కసారి చూసి ఉంటే చాలు.

*

మరుసటి వారం సెలవు పెట్టి కార్ఖానాకు వెళ్లాడు. జగన్‌మోహన్ అంతా విన్నాడు. లేచి వచ్చి యంత్రం కింద ఉన్న పెట్టెను చూపించాడు. స్టెబిలైజరు. బయట కరెంటు ఎలా ఉన్నా యంత్రానికి ఒకేలా ఇస్తుంది. ఆరు నెలల కింద కొన్నారు.

"ఎందుకు కొన్నరు సార్?"

"యంత్రం మీది దీపం సరిగా వెలగట్లేదని కాంపౌండరు అన్నాడండీ. యంత్రం తప్పని కాదు. యంత్రానికి మీ కాగితం ఉందిగా."

మాణిక్ పదింటికీ మూడింటికీ కొలిచాడు. గీతలు కలిశాయి. మరుసటి రోజు స్టెబిలైజరు తీసేసి పదింటికీ మూడింటికీ కొలిచాడు. కలవలేదు. కరెంటు పడితే యంత్రం పంపే కూతా పడిపోతున్నది. బొత్తాం మీద అంకె మాత్రం మారదు. తేడా పదిహేను. బస్వరాజ్‌కు వచ్చిన నలభై ఐదులోంచి పదిహేను తీసేస్తే ముప్పై. ముప్పై అంటే సుత్తి దగ్గర పనిచేసేవాళ్లలో మంచి చెవి.

జగన్‌మోహన్ రెండు కాగితాలనూ బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. "పద్నాలుగు మందినీ పిలుద్దాం. యంత్రం ఇప్పుడు సరిగా ఉంది. విన్నవాణ్ణి తీసుకుంటాను. పైవాళ్లతో నేను మాట్లాడతాను. కానీ పరీక్ష మీరే చేయాలి. కాంపౌండరు చేస్తే మళ్లీ గొడవ" అన్నాడు.

ఆ సాయంత్రం మాణిక్ అక్క ఇంటికి వెళ్లాడు. బస్వరాజ్ వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. కనుబొమల మీద కంకర దుమ్ము ఉంది. మాణిక్ వెనక నుంచి "బావా" అని పిలిచాడు. రెండోసారి పిలిచాడు. సుగుణమ్మ వచ్చి భర్త భుజం తట్టింది.

విషయం చెప్పడానికి ఎదురుగా కూర్చోవలసి వచ్చింది. బస్వరాజ్ మాణిక్ కళ్లను కాకుండా పెదవులను చూస్తూ విన్నాడు. సగంలో సుగుణమ్మ తమ్ముణ్ణి ఆపి, అప్పటిదాకా చెప్పింది భర్త చెవి దగ్గర గట్టిగా మళ్లీ చెప్పింది.

"అయితె అప్పుడు నా చెవి మంచిగనే ఉండెనా?" అన్నాడు.

మాణిక్ తల ఊపాడు.

"ఇంట్ల ఏం చప్పుడైనా, వినిపిస్తె గూడ వినిపిస్తలేదనుకున్న. నువ్వు రాసినవ్ గద అని." మొహం తుడుచుకుని, "పిల్లి పాలు తాగింది నిజమే అన్నట్లు" అని నవ్వాడు.

పోయేటప్పుడు సుగుణమ్మ బయటి దాకా వచ్చింది.

"తమ్మీ, ఇప్పుడు ఆయనకు నిజంగనే వినిపిస్తలేదు. పోయిన వానకాలం సంది."

"ఎరికైంది అక్కా."

"ఆ మిషిన్ని నువ్వే తిప్పుతవంట గద."

మాణిక్ వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

"నేనేం అడుగుతలేను. తిప్పేది నువ్వే గద అంటున్న, అంతే."

*

1985 జనవరి 19, శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. పద్నాలుగు మందిలో ఏడుగురు వచ్చారు. నలుగురు బొంబాయి దిక్కు పోయారు. ఒకతను చనిపోయాడు. ఇద్దరి దగ్గరికి ఉత్తరం చేరిందో లేదో తెలియదు.

మాణిక్ ప్రతి ఒక్కరికీ ఒకే విధంగా చేశాడు. డెబ్బై దగ్గర మొదలుపెట్టి, ఐదేసి అంకెలు తగ్గిస్తూ, ఐదు సెకండ్లకు ఒకసారి మీట నొక్కాడు. చివర, వేలు లేచిన అన్నిటికంటే చిన్న అంకె దగ్గర, మీట నొక్కకుండా ఆగి ఎనిమిదో సెకండుకు నొక్కాడు. కూత ఆలస్యమైతే వేలూ అంతే ఆలస్యంగా లేవాలి. అప్పుడే విన్నట్టు. మొదటి ఆరుగురిలో ముగ్గురు నెగ్గారు. వాళ్లు ఈ రెండేళ్లూ పొలం పని చేసుకున్నవాళ్లు. వాళ్లలో రేవణసిద్ధప్ప అనే మనిషి బయటికి వచ్చి మాణిక్ చేతులు పట్టుకున్నాడు. ముగ్గురు ఓడిపోయారు. ఒకతను లారీ క్లీనరు. తక్కిన ఇద్దరూ కంకర మిషన్ వాళ్లే.

ఏడోవాడు బస్వరాజ్. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. అటు తిరిగి కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. మాణిక్‌కు అతని వీపూ, మోకాలి మీద పెట్టిన కుడిచేయీ కనపడుతున్నాయి.

డెబ్బై. వేలు లేచింది. అరవై ఐదు. లేచింది. అరవై. లేచింది, కానీ జంకుతూ లేచింది. యాభై ఐదు. లేచింది. యాభైకి, నలభై ఐదుకు, నలభైకి లేచింది. ముప్పై ఐదుకు కూడా లేచింది. ముప్పైకి లేవలేదు.

ముప్పై ఐదుకు వేలు లేవడం చూసి, జగన్‌మోహన్ పక్క బల్ల దగ్గర తల వంచుకుని ముందరి మనిషి కాగితం నింపుతున్నాడు. మాణిక్ మళ్లీ ముప్పై ఐదు పెట్టాడు. రెండుసార్లు మామూలుగా నొక్కాడు. వేలు రెండుసార్లు లేచింది. మూడోసారి నొక్కనవసరం లేదు. ఆగి చూడకుండా వదిలేసినా అడిగేవాళ్లు లేరు.

మాణిక్ ఆగాడు. మీట మీద వేలు పెట్టి నొక్కకుండా ఉన్నాడు.

ఐదో సెకండుకు బస్వరాజ్ వేలు లేచింది. గదిలో ఏ కూతా లేదు. వేలు దిగింది. ఎనిమిదో సెకండుకు మాణిక్ మీట నొక్కాడు. చేయి కదలలేదు. మళ్లీ ఐదు లెక్కకు వేలు లేచింది.

సుత్తి పైకి లేచి కిందికి దిగడానికి ఐదు లెక్క పడుతుంది. పదకొండేళ్లు ఆ లెక్క మీద పనిచేసినవాడు బస్వరాజ్. పెద్ద కూతలు వినపడినప్పుడు వాటి ఎడం పట్టుకున్నాడు. అరవై దగ్గర వినికిడి ఆగిపోయాక ఆ ఎడాన్ని లెక్కపెడుతూ పోయాడు. ముప్పైకి వేలు ఎత్తకపోవడం కూడా లెక్కే. అన్నిటికీ ఎత్తితే నమ్మరని.

"ఎంత రాయమంటారు? ముప్పై ఐదా?" అన్నాడు జగన్‌మోహన్ తల ఎత్తకుండా. బొత్తాం అతనికి కనపడుతున్నది.

మాణిక్ అద్దంలోంచి బస్వరాజ్ చేతిని చూశాడు. ఐదు వేళ్లూ ఉన్నాయి. మోకాలి మీద అవి చిన్నగా కొట్టుకుంటున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

సుత్తి దగ్గర మేస్త్రి "ఛోడ్" అని అరవడం లెక్క ప్రకారం జరగదు. ఇనుము పక్కకు జారినప్పుడు అరుస్తాడు. అది ఎప్పుడు జారుతుందో ఎవరికీ తెలియదు.

"అరవై రాయుండ్రి సార్" అన్నాడు మాణిక్.

జగన్‌మోహన్ తల ఎత్తాడు. "ముప్పై ఐదుకు వేలు లేచింది కదండీ. నేను చూశానే."

"లేచింది సార్. కూత లేకున్నా లేచింది."

జగన్‌మోహన్ కాగితం మీద ఉన్న పేరు చూశాడు. "మీ బావగారు కదా" అన్నాడు.

"అవును సార్."

అరవై అని రాసి కాగితం ఇటు తిప్పాడు. మాణిక్ సంతకం చేసి తేదీ వేశాడు. ఈసారి టైము కూడా వేశాడు. 3.40.

బస్వరాజ్ బయటికి వచ్చాడు. బల్ల మీద కాగితం ఉంది. అంకెలు చదవడం అతనికి వచ్చు. చదివి, హెడ్‌ఫోన్ నొక్కుకున్న చోట చెవి రుద్దుకుంటూ నడిచాడు. మాణిక్ సైకిలు నడిపించుకుంటూ వెంట వచ్చాడు. గేటు దాటి ఇద్దరూ హైవే ఎక్కారు.

"నేను లెక్క తప్పలే" అన్నాడు బస్వరాజ్. రోడ్డు అవతలివాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు. "ఐదుకే లేపిన. ఒక్కపారి గూడ తప్పలే. నువ్వే తప్పినవ్."

"అవును బావా" అన్నాడు మాణిక్. బస్వరాజ్ ఇటు చూడటం లేదు.

వెనక నుంచి బొంబాయి లారీ హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. బస్వరాజ్ రోడ్డు అంచు మీద అలాగే నడుస్తున్నాడు. మాణిక్ సైకిలు వదిలేసి అతని చొక్కా పట్టుకుని పక్కకు లాగాడు. లారీ పోయింది. సైకిలు కింద పడి ముందు చక్రం తిరుగుతున్నది.

బస్వరాజ్ నలిగిన చొక్కాను చూసుకున్నాడు.

"ఎందుకు గుంజినవ్?" అన్నాడు.